మన పెండ్లి క్యాసెట్లు - కొత్త కంప్యూటర్లు

(నల్లంపల్లిలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు పెట్టిన పేరు చూచి కొందరు నవ్విరి. “చింతపండు బేరము చేయువారికి కంప్యూటరు సంగతి యెందుకు?” అని ఒక పెద్దమనిషి మా ముఖముననే అడిగిరి. వారి మాట నిజమే. మేము పదవ తరగతితో బడి చాలించినవారము. తూకము, బిల్లు, లారీ కిరాయి, ఇంతకు మించి మాకు తెలిసినది స్వల్పము. ఐనను ఈ కొన్ని నెలలలో మేము పడిన పాట్లు మీలో పదిమందికైనను రానున్నవి. కొందరికి వచ్చియే యుండును. తెలిసికొన్నది చెప్పినచో మీకు కొంత కాలమును, కొంత ధనమును మిగులుననియు, ఇంటిలోని పెద్దల గొంతులు మిగులుననియు తలంచి లేచితిమి.

1993వ సంవత్సరమున మా అక్కగారి వివాహము ఈ యూరనే జరిగినది. వీడియో తీయువారిని ధర్మపురినుండి పిలిపించిరి. భుజముమీద పెద్ద కెమెరా, ప్రక్కన దీపము పట్టుకొని నిలుచు కుర్రవాడు, వాని వెనుక నేలమీద ప్రాకు తీగ - ఈ దృశ్యము నలువది యేండ్లు దాటినవారందరికి జ్ఞాపకముండును. ఆ దీపపు వేడికి పెండ్లికుమారుని నొసటి కల్యాణతిలకము కరగి కారినది. మొత్తము మూడు క్యాసెట్లు వచ్చినవి. మొదటిదానిలో, అక్కకు నలుగు పెట్టునప్పుడు మా అవ్వ పీట ప్రక్కన కూర్చుండి ఒక పాట పాడినది. ఆమెకు చదువు లేదు. పాటను ఎవరును వ్రాసి పెట్టలేదు. 1998లో ఆమె కాలము చేసినది.

ఇప్పుడు ఆ యక్క కుమార్తెకే పెండ్లి కుదిరినది. ఆ పిల్ల బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. తెలుగు చక్కగ మాటలాడును గాని చదువలేదు. “మామా, అవ్వ పాట నాకు కావల్ల, నా నలుగుకు అదే పాడల్ల” అని అడిగినది. ఇంటిలోని ఆడువారిని విచారింపగా ఒకరికి మొదటి రెండు చరణములు వచ్చును. ఒకరికి వరుస మాత్రము వచ్చును. మరియొకరు రెండు వేరు పాటలు కలిపి పాడిరి. తక్కినదంతయు ఆ క్యాసెట్టులోనే యున్నది.

క్యాసెట్టును ఆడించు వి.సి.ఆర్. మా పినతండ్రిగారి యింట అటకమీద దొరికినది. లోపలి రబ్బరు పట్టీ సాగిపోయి యుండగా మార్పించితిమి. ఇట్టి యంత్రము మీ యింటనున్నచో పాత ఇనుమువానికి వేయవద్దు. ప్రపంచమున వీనిని కడపటివరకు తయారుచేసిన జపాను దేశపు ఫునై సంస్థవారు 2016 జులైలో ఆ పని మానిరి. కొత్తది కొనవలెనన్నను తయారుచేయువారు లేరు.

ఇక అసలు కథకు వచ్చెదము. టేపులోని బొమ్మను కంప్యూటరులోనికి ఎక్కించుటకు ఒక చిన్న పెట్టె కావలెను. అరచేతిలో ఇముడును. ఒకవైపున మూడు రంధ్రములు: పసుపుపచ్చనిది బొమ్మకు, తెలుపు ఎరుపు ధ్వనికి. రెండవవైపున కంప్యూటరులో గ్రుచ్చు యు.ఎస్.బి. తీగ. మన దేశపు పాత వీడియో పద్ధతిలో ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు, క్షణమునకు 25 బొమ్మలు. ఆ గీతల హెచ్చుతగ్గులను ఈ పెట్టె అంకెలుగ మార్చి కంప్యూటరునకు అందించును. దీనిని వీడియో క్యాప్చర్ పరికరమందురు. మేము 2009లో ఒకటి కొంటిమి. దానితో ఒక్క క్యాసెట్టు, అదియు మా సొంత పెండ్లిది, ఎక్కించి, తక్కినవి తరువాత చూతమని బీరువాలో పెట్టితిమి. ఆ ‘తరువాత’ పదునారేండ్లయినది.

ఈలోపల అంగడి కంప్యూటరు మారినది. విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ సంరక్షణ నిలిపివేసిరి. జి.యస్.టి. లెక్కలు, బ్యాంకు వ్యవహారములు నడచు యంత్రమును సంరక్షణ లేకుండ ఉంచుట తాళము లేని గల్లాపెట్టె నుంచుటయే. పాత యంత్రము విండోస్ 11ను భరించునది కాదు. దానికి కావలసిన భద్రతా చిప్పు, కొత్త తరపు ప్రాసెసరు అందులో లేవు. కావున కొత్తది కొంటిమి. అందులో తప్పేమియు లేదని నేటికిని మా యభిప్రాయము.

కొత్త కంప్యూటరునకు పాత పెట్టె తగిలించితిమి. “గుర్తు తెలియని పరికరము” అని వచ్చినది. దానితో ఇచ్చిన చిన్న సి.డి. వెదకి తీసితిమి. వేయుదమన్న కొత్త కంప్యూటరునకు సి.డి. పెట్టు నోరే లేదు. ఇంకొకరి యంత్రముద్వారా అందులోని సరకును పెన్‌డ్రైవునకు ఎక్కించి తెచ్చినచో, “ఈ డ్రైవరు ఈ విండోసునకు పనికిరాదు” అని రెండవ జవాబు.

డ్రైవరనగా మాకు తెలిసినది తొప్పూరు కనుమలో లారీ దింపువాడే. ఈ డ్రైవరు వేరు. మా మేనల్లుడు చెప్పినదానిని మా మాటలలో చెప్పెదము. పూర్వము చెన్నపట్టణమున ఇంగ్లీషు కంపెనీవారి కాలమున దుబాసీలుండెడివారు. దొరకు దేశభాష రాదు. వర్తకునకు ఇంగ్లీషు రాదు. మధ్యనుండు దుబాసి ఉభయుల మాట ఎరిగినవాడు. వాడు లేనిచో గిడ్డంగి నిండ సరకున్నను బేరము సాగదు. కంప్యూటరు లోపల దొర స్థానమున నున్నది ఆపరేటింగ్ సిస్టము. బయటినుండి వచ్చు ప్రతి యంత్రము, అచ్చుయంత్రము గాని, కెమెరా గాని, మా పెట్టె గాని, తన భాష మాటలాడును. రెంటికి నడుమ దుబాసి యే డ్రైవరు. మా పెట్టె చెడలేదు. కొత్త కంప్యూటరును చెడలేదు. దొర మారినాడు, పాత దుబాసికి కొత్త దొర భాష రాదు, కొత్త దుబాసిని ఎవరును నియమింపలేదు.

ఎందుకు రాదనగా, కారణములు రెండు. మా పెట్టెకు డ్రైవరు వ్రాసిన కాలమున మన యిండ్లలోని కంప్యూటర్లు చాలవరకు విండోస్ ఎక్స్‌పి తోడివి, 32 బిట్ల పద్ధతివి. విండోస్ 11 అనునది 64 బిట్ల పద్ధతిలో మాత్రమే వచ్చినది. 32 బిట్లకై వ్రాసిన డ్రైవరును 64 బిట్ల విండోసు లోపలికి రానీయదు. ఎంత బ్రతిమాలినను రానీయదు. రెండవది ముద్ర. తూనికలు కొలతల శాఖవారి ముద్ర లేని తూకపురాయి మన అంగడిలో నుంచరాదు గదా. అట్లే 2007లో వచ్చిన విస్టా మొదలుకొని 64 బిట్ల విండోసులో, లోలోపల పనిచేయు డ్రైవరునకు వ్రాసినవారి అంకెల ముద్ర యుండవలెననిరి. 2016నుండి, కొత్తగా ఎక్కించిన విండోస్ 10లో, కొత్త డ్రైవర్లకు మైక్రోసాఫ్టువారి ముద్రయే కావలెననిరి. మొదట మాకు ఇది పెద్దవారి జబర్దస్తీగ తోచినది. తరువాత ఆలోచింపగా న్యాయమే యనిపించినది. డ్రైవరు వసారాలో కూర్చుండువాడు కాడు, పూజగదివరకు పోగలవాడు. దొంగ డ్రైవరు వచ్చినచో గల్లాపెట్టె తాళపుచెవులు వాని చేతనే యుండును.

అయినచో కొత్త డ్రైవరు వ్రాయవలసిన వారెవరు? పెట్టె చేసినవారు. మేము కొన్న పెట్టె తయారుచేసిన సంస్థకు ఇంగ్లీషులో ఒక జాబు వ్రాయించితిమి. ఆ పరికరమునకు కాలము చెల్లినది, కొత్త నమూనా కొనుడు, అని రెండు పంక్తులలో జవాబు వచ్చినది. ఆ సంస్థ పేరు ఇచ్చట చెప్పము. ఇట్టివి అనేకము. ఈజీక్యాప్ అను పేరుతో చౌకగ అమ్ముడుపోయిన పెట్టెల సంగతి ఇంకను చిత్రము. పైకి అన్నియు ఒకే అచ్చులో పోసినట్లుండును. లోపల చూచినచో ఒకదానిలో సింటెక్ చిప్పు, ఒకదానిలో ఎంపియా, ఒకదానిలో సోమాజిక్, ఒకదానిలో ఫుషికాయ్. ఒకదాని డ్రైవరు మరియొకదానికి పనికిరాదు. పొరుగింటివారి పెట్టె పనిచేసినది, మనది పనిచేయలేదు అని నేరము కుర్రవానిమీద మోపకుడు. సంచి ఒకటే, లోపలి సరకు వేరు; మన వర్తకమునను ఇట్టివి చూచుచునేయున్నాము.

ఇప్పుడు మా తెలివితక్కువ పని ఒకటి చెప్పుకొనవలసియున్నది. ఇంటర్నెట్టులో “ఏ డ్రైవరైనను ఉచితము” అని ఒకచోట కనబడినది. రాత్రి పదిగంటలకు, మేనల్లుడు లేని సమయమున, ఆశకొలది దానిని దింపి నొక్కితిమి. డ్రైవరు రాలేదు. మరునాటినుండి తెరమీద ప్రకటనలు, తెలియని కార్యక్రమములు. కంప్యూటరును శుద్ధిచేసి, విండోసును మరల ఎక్కించి, రెండు దినముల బిల్లులను చేతితో తిరిగి వ్రాసికొనవలసివచ్చినది. ఉచితమని పేరుపెట్టినచోట చేయి పెట్టకుడు. పరికరము చేసినవారి సొంత స్థలమున గాని, మైక్రోసాఫ్టువారి వద్ద గాని లేని డ్రైవరు, ఊరు పేరు లేనివాని వద్ద ఉండుట దుర్లభము.

మరికొందరు, ముద్ర చూచు పద్ధతినే ఆపివేయవచ్చుననియు, విండోస్ 11లోని ‘మెమొరీ ఇంటెగ్రిటీ’ అను కాపలాను తీసివేయవచ్చుననియు సలహా చెప్పిరి. 64 బిట్ల పాత డ్రైవరు చేతనున్నవారికి ఒక్కొక్కప్పుడు అది పనిచేయును. కాని అంగడి లెక్కలున్న యంత్రములో ఆ పని మేము చేయము. ఒక పాటకై కోటతలుపులన్నియు తీసి నిద్రించుట యగును. కంప్యూటరులో మరియొక పాత కంప్యూటరును ఊహారూపమున నడపు ఉపాయమును గూడ మేనల్లుడు ప్రయత్నించెను. పెట్టెను గుర్తుపట్టినది గాని బొమ్మ గంతులు వేసినది. అవ్వ నోరు కదలిన తరువాత కొంతసేపటికి పాట వినబడినది.

తుదకు త్రోవ దొరికినది మా గిడ్డంగిలోనే. చింతపండు బస్తాల వెనుక మా మొదటి అంగడి కంప్యూటరు, ఎక్స్‌పి తోడిది, దుమ్ముపట్టి యున్నది. అంతకు నెలదినములముందే పాత సామానువాడు దానికి నాలుగువందలు ఇచ్చెదనన్నాడు. ఐదువందలు అడిగితిమి; వాడు పోయినాడు. ఆ నూరు రూపాయల బేరము తెగకపోవుట మా భాగ్యము! తీసి తుడిచి, తెరను తగిలించి మీట నొక్కితిమి. లోపలి చిన్న బ్యాటరీ చచ్చియుండుటచే తేదీ 2002 అని చూపినది. అంతే గాని లేచినది. 2009 నాటి డ్రైవరు అందులో ఎక్కించినది ఎక్కించినట్లే యున్నది. పెట్టె తగిలింపగానే, బాల్యమిత్రులు సంతలో కలిసినట్లు, ఒకరినొకరు గుర్తుపట్టిరి.

ఆ సాయంకాలము ఇంటిల్లిపాది కూర్చుండిరి. టేపును తొందరపెట్టుటకు వీలులేదు. మూడుగంటల క్యాసెట్టు మూడుగంటలు ఆడవలసినదే. అవ్వ తెరమీదికి వచ్చినప్పుడు మా తల్లిగారు కొంగు నోటికి అడ్డము పెట్టుకొనిరి. పాట నాలుగు నిమిషములకంటె ఎక్కువ లేదు. నడుమ ఒక మాట వచ్చినది, ‘కొప్పెర’ అని. పిల్లలందరును అది ఎండుకొబ్బరి యనుకొనిరి; తమిళమున కొప్పరై అన్నచో బజారులో తెలియునది అదే గదా. నలుగునకు ఎండుకొబ్బరి యెందుకో ఎవరికిని బోధపడలేదు. వీధి చివరనుండు ఎనుబదియేండ్ల పెద్దమ్మగారిని పిలిచి వినిపించితిమి. ఆమె నవ్వి, “కొప్పెర అంటే నీళ్లు కాచే పెద్ద రాగి అండా గదరా” అనిరి. స్నానమునకు నీరు కాచు పాత్ర! మా తాతగారి కాలమున ఇంట నుండెనట. పాత్ర పోయినది, పాత్రతోపాటు మాట పోయినది, మాట ఆ టేపులో మిగిలినది.

పాట వెనుక ఇంకను ఉన్నది. కెమెరా అవ్వవైపు తిరిగియుండగా, ప్రక్కన ముగ్గురు మగవారు ఆ యేటి చింతపండు ధర గూర్చి తగవులాడుచున్నారు. వారి ముఖములు కనబడవు. వారిలో ఒకరు మా తండ్రిగారు. ఆయన గొంతు విని పండ్రెండేండ్లయినది. ఆ తెలుగు పుస్తకములలోనిది కాదు, రేడియోలోనిది కాదు, హైదరాబాదు సినిమాలలోనిది అసలే కాదు. ‘ఉండాది’, ‘పోతాండాడు’, ‘రవంత నిలుచు’ అను మన యింటి తెలుగు. మన పిల్లలు దానిని వినుట తగ్గుచున్నది. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ప్రకారము 1వ తరగతిలో మొదలైన తప్పనిసరి తమిళము ఏటేట ఒక్కొక్క తరగతి పైకిపోయి 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. దానినిగూర్చి మన సంఘము చేయవలసిన పని వేరుగ నున్నది. ఈ సభ దానికి కాదు. తమిళము మన అన్నము పెట్టు భాష, దానిని నేర్వవలసినదే. మేము చెప్పునది ఇంతే: బడిలో తెలుగు చదువని పిల్లకు ఇంటి తెలుగు చెవిద్వారానే రావలెను, ఆ చెవికి వినిపింపదగిన పెద్దలు చాలమంది ఇప్పుడు క్యాసెట్లలో నున్నారు.

క్యాసెట్లకును ఆయువు తక్కువ. ప్లాస్టిక్ పట్టీపైన లోహపు పొడిని జిగురుతో అంటించిన వస్తువది. జిగురు తేమ త్రాగును, పొడి రాలును, బూజు పట్టును. ఆస్ట్రేలియా దేశపు జాతీయ చలనచిత్ర ధ్వని భాండాగారమువారు 2015లోనే, 2025 నాటికి ఎక్కింపని టేపులు చాలవరకు దక్కవని హెచ్చరించిరి. 2019లో యునెస్కోవారును, ధ్వని దృశ్య భాండాగారముల అంతర్జాతీయ సంఘమువారును కలిసి ఇట్టి హెచ్చరికనే లోకమునకంతకు పంపిరి. వారు టేపులకంటె ఆడించు యంత్రములను, విడిభాగములను గూర్చి ఎక్కువ భయపడిరి. మా అటకమీది వి.సి.ఆర్. చూచిన తరువాత వారి భయము మాకు తెలిసినది. మా మూడు క్యాసెట్లలో రెండవదానికి చుట్ట అంచున తెల్లని పొడి కనబడినది. అది బూజు. దానిని యంత్రములో పెట్టలేదు. పెట్టినచో యంత్రపు తలకు అంటి, తరువాత వేయు మంచి క్యాసెట్లకును ప్రాకును. దానిని శుభ్రము చేయువారికొరకు బెంగుళూరులో విచారించుచున్నాము.

మీరు చేయదగిన పనులు చెప్పెదము. ఇంట పాత కంప్యూటరున్నచో, అది నెమ్మదిగ నడచుచున్నను, అమ్మవద్దు. 2011నుండి మన రాష్ట్రప్రభుత్వమువారు ప్లస్ టూ పిల్లలకు ఉచితముగ ఇచ్చిన ల్యాప్‌టాపులు మన యిండ్లలో ఎన్ని మూలపడియున్నవో లెక్కలేదు. పలు యంత్రములలో విండోసుతోపాటు లినక్సును గూడ ఉంచి ఇచ్చిరి. ఆ కాలపు పెట్టెలకు ఆ కాలపు యంత్రములే మంచి జోడు. బ్యాటరీ ఉబ్బియున్నచో మాత్రము తీసివేయింపక ముట్టవద్దు. ఈ పాత యంత్రములను ఇంటర్నెట్టునకు తగిలింపరాదు. సంరక్షణ నిలిచిన విండోసునకు అది ప్రమాదము. ఎక్స్‌పికి 2014 ఏప్రిలులోను, విండోస్ 7కు 2020 జనవరిలోను సాధారణ సంరక్షణ ముగిసినది. ఎక్కించినదానిని పెన్‌డ్రైవుతో కొత్త యంత్రమునకు తెచ్చి, తెరచుటకు ముందు వైరసు పరీక్ష చేసికొనుడు.

లినక్సు సంగతి మేనల్లుడు చెప్పగా మాకు ఆశ్చర్యమైనది. అది ఊరుమ్మడి చెరువువంటిది. పలుదేశముల వారు కొందరు సంస్థల తరపునను, కొందరు ఊరకయు పూడిక తీయుచుందురు. సంస్థలు వదలివేసిన చిప్పులకు అట్టివారు డ్రైవర్లు వ్రాసిరి. ఎంపియా చిప్పులు పెక్కింటికి అందులో డ్రైవరు కలదు; సింటెక్ చిప్పుదానికి 2012లోను, ఫుషికాయ్ చిప్పుదానికి 2013లోను డ్రైవర్లు చేరినవి. అట్టి పెట్టెకు సి.డి. అక్కరలేదు, తగిలింపగానే గుర్తించుట కలదు. లినక్సును పెన్‌డ్రైవునుండి నడపి, ఉన్న విండోసును చెరపకయే చూడవచ్చును. చిప్పు ఏదో తెలియవలెనన్నచో విండోసులో డివైస్ మేనేజరు తెరచి, గుర్తు తెలియని పరికరముమీద నొక్కి, వివరములలో హార్డ్‌వేర్ ఐ.డి. చూడవలెను. అచ్చట వి.ఐ.డి., పి.ఐ.డి. అని రెండు సంకేతములుండును. మొదటిది చేసినవాని యింటిపేరు, రెండవది వస్తువు పేరు. ఆ రెండు వ్రాసి తెచ్చినచో మా మేనల్లుడు చూచి చెప్పగలడు.

కొత్త పెట్టె కొనువారు ఒక్క మాట అడిగి కొనవలెను: “ఇది యు.వి.సి. పద్ధతిదా?” యు.వి.సి. అనగా యు.ఎస్.బి. వీడియో యంత్రములన్నియు ఒకే భాష మాటలాడవలెనని 2003లో చేసికొన్న కట్టుబాటు. ఆ భాష ఎరిగిన దుబాసి విండోసులోను, లినక్సులోను, యాపిల్ యంత్రములలోను ముందే కొలువుండును. సంస్థ మూతపడినను పెట్టె అనాథ కాదు. అంగడివాడు ఆ మాట ఎరుగనిచో వేరొక అంగడికి పొండు. 2000 తరువాత పెండ్లిండ్లు చేసిన కొందరి యిండ్లలో అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దవగు మినీ డి.వి. క్యాసెట్లుండును. అవి ఫైర్‌వైర్ అను వేరు తీగద్వారా వచ్చును. యాపిల్ సంస్థవారు 2025లో వెలువరించిన కొత్త వ్యవస్థలో ఆ తీగకు తోడ్పాటు తీసివేసిరి. అట్టి క్యాసెట్లున్నవారు కెమెరాను, తీగను, పాత యంత్రమును మూటింటిని కలిపి భద్రపరచవలెను.

“ఇన్ని తిప్పలెందుకు, టి.వి.లో ఆడుచుండగా ఫోనుతో తీసిన చాలదా?” అని ఒకరు అడిగిరి. చాలదు. తెరమీద గీతలు ప్రాకును, ధ్వనిలో ఫంకా మ్రోత కలియును. కాని టేపు నేడో రేపో తెగునట్లున్నచో అదియు చేయవలసినదే. పాట దక్కుట ముఖ్యము.

ఎక్కించినదానిని దాచుటకు చోటెంత కావలెనో లెక్క చూచితిమి. మధ్యరకపు నాణ్యములో గంటకు సుమారు 3 జీబీ, డి.వి. పద్ధతిలో ఐనచో గంటకు సుమారు 13 జీబీ. మూడుగంటల క్యాసెట్టు మొదటి పద్ధతిలో 9, 10 జీబీలలో ఇముడును. ఒక ప్రతి మీ యింట, ఒక ప్రతి కూతురింటనో తమ్మునింటనో ఉండవలెను. ఒకే పెన్‌డ్రైవును నమ్మి క్యాసెట్టును పారవేసినవారిని మేము చూచితిమి. వారి పెన్‌డ్రైవు ఇప్పుడు దేనిలో గ్రుచ్చినను పలుకుటలేదు.

సంఘము డబ్బుతో కొత్త పరికరము కొనవలెనని కార్యవర్గమున ఒక ప్రతిపాదన యున్నది. దానికి మేము అడ్డు కాము, వేయి, రెండువేలలో తేలు వస్తువది. కాని అంతవరకు ఆగవద్దని మా మనవి. మా పాత కంప్యూటరును, పెట్టెను, వి.సి.ఆర్.ను సంఘమునకు ఇచ్చుచున్నాము. ఆదివారములందు మధ్యాహ్నము రెండుగంటలనుండి మా గిడ్డంగి ముందరి గదిలో నుండును. ఒక దినమునకు ఒక క్యాసెట్టు, పట్టినచో రెండు. మేనల్లునికి మాటిమాటికి ఫోను చేసి తొందరపెట్టవద్దు, వానికి పరీక్షలున్నవి.

క్యాసెట్టు తెచ్చువారు దానిని మంచుపట్టిన గదినుండి తిన్నగ తేవద్దు. నిలువుగ పట్టి తెండు, సంచిలో కూరగాయలక్రింద పెట్టి తేవద్దు. తెరచి ముక్కువద్ద పెట్టుకొని చూడుడు, బూజు వాసన యున్నచో ముందే చెప్పుడు. వీలైనచో ఇంటిలోని పెద్దవారిని ఒకరిని వెంట తీసికొని రండు. తెరమీద కనబడువారు ఎవరెవరో, ఏ వరుసయో వారే చెప్పగలరు, ఆ పేర్లు వ్రాసికొనుటకు మేము ఒక పుస్తకము పెట్టితిమి. అది ఇప్పుడు తలుపువద్ద బల్లమీద నున్నది. పోవునప్పుడు మీ పేరు, పెండ్లి ఎవరిదో, ఏ యేటిదో, క్యాసెట్లు ఎన్నియో వ్రాసి పొండు. మొదటి పుటలో రెండు ఆదివారములు అప్పుడే నిండినవి.